ఆయిలరు పండితుడు

లియోనార్డు ఆయిలరు 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి బాజెల్ నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడును తనవలెనే మతబోధకుడు కావలెనని ఆయన కోరిక. ఆ నగరమందే యున్న యోహాన్ బెర్నూలీ యను గణితాచార్యుడు బాలుని సూక్ష్మబుద్ధిని కనిపెట్టి, శనివారములయందు సందేహములు తీర్చుచు, తుదకు తండ్రిని ఒప్పించెను. 1727లో ఆయిలరు రష్యాలోని పీటర్సుబర్గు చేరి, అచటి విద్వత్పరిషత్తున ఉద్యోగము స్వీకరించెను.

1729లో గోల్డుబాకు అను మిత్రుడు ఆతనికి లేఖలో ఒక ప్రశ్న పంపెను. అంతకు ముందటి శతాబ్దమున ఫ్రాన్సులో ఫెర్మా యను న్యాయాధికారి యుండెను. తీరిక వేళలందు ఆయన చేసిన సంఖ్యావిచారము ఆచార్యులనే తలదన్నినది. 2తో ఆరంభించి, వచ్చిన సంఖ్యను దానిచేతనే హెచ్చవేయుచు, ప్రతి ఫలమునకు ఒకటి చేర్చినచో 3, 5, 17, 257, 65,537 వచ్చును. ఇవన్నియు ప్రధాన సంఖ్యలు. అనగా ఒకటియు తామును దప్ప వేరొకటి నిశ్శేషముగా భాగింపజాలనివి. ఈ వరుస ఎంతదూరము పోయినను ఇట్లే యుండునని ఫెర్మా నమ్మెను. నిరూపణ మాత్రము చూపలేదు.

తరువాతి సంఖ్య 429,49,67,297. అంత పెద్దదానిని పరీక్షించు ఓపిక ఎవరికి గలదు? ఒక్కొక్క ప్రధాన సంఖ్యచేత భాగించుచు పోయినచో ఆరు వేలకు పైగా భాగహారములు చేయవలసివచ్చును. పెద్దలు చెప్పినారు గదా యని ఊరకుండుటయే సులభము. ఆయిలరు ఊరకుండలేదు. 641చేత ఆ సంఖ్య నిశ్శేషముగా భాగింపబడుననియు, లబ్ధము 67,00,417 అనియు 1732లో చూపెను. హెచ్చవేసి చూడగోరువారికి ఒక కాగితము చాలును.

ఆతడు పిదప వెల్లడించిన సూత్రము మరింత ముచ్చటైనది. ఈ సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య యేదైనను, దానిని 64చేత భాగించినచో శేషము ఒకటియే కావలెను. అనగా 65, 129, 193 ఇత్యాదులనే చూడవలెను. 641 ఆ వరుసలో పదవది. వేల భాగహారములు పదింటికి దిగినవి!

1738 ప్రాంతమున ఆతని కుడికన్ను చెడెను. 1741లో బెర్లిను వెళ్ళగా అచటి ఫ్రెడరికు రాజు ఆ ఒంటికంటిని పరిహసించెను. విద్యాపోషకుడని పేరుగన్న ప్రభువునకు అది తగని పని. 1766లో పీటర్సుబర్గునకు మరలిన కొలదికాలమునకే రెండవ కన్నును పోయెను. 1771లో ఇల్లు కాలగా, స్వనగరవాసి యగు గ్రిమ్ము అను పనివాడు ఆ అంధుని భుజముపై మోసికొని బయటికి తెచ్చెను. వ్రాతప్రతులును దక్కినవి.

ఆ మరుసటి సంవత్సరమే మరియొక పెద్ద సంఖ్య పరీక్షకు నిలిచెను: 214,74,83,647. ముప్పదియొక్క రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసివేసిన ఫలమిది. దీని భాజకములు 248చేత భాగింపగా 1 గాని 63 గాని శేషముగా గలవై యుండవలెనని తేల్చి, అట్టి ప్రధాన సంఖ్యల నన్నిటిని 46,339 వరకు పరీక్షించెను. ఏదియు భాగింపలేదు. ఈమారు సంఖ్య నిలిచెను.

కుమారులును శిష్యులును చెప్పినది చెప్పినట్లు వ్రాయుచుండగా, ఆతడు తుదిదాక గ్రంథరచన మానలేదు. 1783 సెప్టెంబరు 18వ తేదీన, నూతనముగా కనుగొనబడిన యురేనసు గ్రహగతిని గూర్చి ముచ్చటించిన దినముననే, ఆయిలరు పరమపదించెను. మిగిలిన వ్యాసములను విద్వత్పరిషత్తువారు దశాబ్దములపాటు ముద్రించుచునే యుండిరి.