ఔషధ రసాయన శాస్త్ర జ్యోతి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పిన ఒక తెలుగు విద్యార్థి ఉత్తరోత్తరా ప్రపంచానికి ప్రాణదాయకమైన మందులను అందించాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు, మూడవ ప్రయత్నంలో మద్రాసు ట్రిప్లికేన్ హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. తిరుత్తణి ముద్దుబిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1909లో అధ్యాపకులుగా చేరిన ప్రెసిడెన్సీ కళాశాలలోనే ఇంటర్మీడియట్ చదివి, మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో తృప్తిపడవలసి వచ్చింది. యౌవనంలోనే ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలయ్యారు. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం వెన్నాడింది.

అనంతరం బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. ఫిస్క్‌తో కలసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లను వెలికితీశారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1945లో అక్కడి శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగా, అది స్ప్రూ రోగుల రక్తహీనతను మాన్పింది. సోదరులకు దక్కని మందు లోకానికి దక్కింది.

రక్తకణాల వృద్ధికి ఫోలిక్ ఆమ్లం అవసరం. ల్యుకేమియా కణాలకూ అదే ఆహారం. కనుక ఆ అణువులో ఒక హైడ్రాక్సిల్ స్థానాన ఎమినో సమూహాన్ని నిలిపి ఎమినోప్టెరిన్‌ను సృజించారు. తాళంలో దూరి, తిరగక ఇరుక్కుపోయే మారు తాళంచెవి వలె అది ఎంజైమును స్తంభింపజేస్తుంది. బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ దీనిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగినట్లు 1948లో ప్రకటించారు. దానికి మరొక మిథైల్ సమూహం చేరిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుకలో ఉన్నది. అణువులో స్వల్పమైన మార్పు ఆహారాన్ని ఔషధంగా మార్చగలదన్నదే ఫార్మసీ విద్యార్థులు ఇందు గ్రహించవలసిన సూత్రం.

బోదకాలు నివారణకై మన ప్రాంతాలలో ఉచితంగా పంచిన డి.ఇ.సి. మాత్రలు కూడా 1947లో ఆయన బృందం వెలువరించినవే. ఆయన పర్యవేక్షణలోనే డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు.

స్వదేశానికి మరల రాకుండానే 1948 ఆగస్టులో, 53వ యేట న్యూయార్కులో కన్నుమూశారు. నోబెల్ బహుమతి లభించలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది. పరీక్ష తప్పిన బిడ్డను చిన్నచూపు చూడరాదని తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఆ మహనీయుని జీవితం నేర్పే పాఠం.