చిత్రకళాతపస్వి దామెర్ల రామారావు

స్వామి సన్నిధికి పూమాల గ్రుచ్చు భక్తునకు, ఆ మాల మరునాటికి వాడిపోవునని తెలియును. అయినను అతడు ఒక్కొక్క పువ్వును ఏరి, దారము సరిచూచి, శ్రద్ధతో కట్టును. శ్రీవిల్లిపుత్తూరున పూదోట పెంచిన పెరియాళ్వారుల కైంకర్యము లోకమునకు నేర్పిన ధర్మమిది. ఫలము భగవంతునిది, శ్రద్ధ సేవకునిది. ఈ ధర్మమును చిత్రకళయందు ఆచరించి చూపిన తెలుగుబిడ్డ దామెర్ల రామారావు.

ఆయన 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యమునుండియు ఆయనకు పాఠములకన్న బొమ్మలయందే మక్కువ. ఆ ఊరి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగానుండిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ బాలుని ప్రతిభను గుర్తించి, ఆదరించి, 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పంపెను. అచట రామారావు పాశ్చాత్య చిత్రణ విధానమును శ్రద్ధగా అభ్యసించెను. అయినను ఆయన మనస్సు మన పురాణగాథలను, తెలుగు పల్లెలను, గోదావరీతీరమును విడువలేదు. నేర్చిన విద్యను తన నేల రూపురేఖలతో మేళవింపవలెనని ఆయన సంకల్పించెను.

1922లో కలకత్తా ప్రదర్శనమున ఆయన చిత్రించిన ఋష్యశృంగ బంధనమునకు రాజప్రతినిధి బహుమతి లభించెను. అంతటి గౌరవము పొందిన యువకుడు మహానగరమున స్థిరపడి ధనము గడింపవచ్చును. రామారావు అట్లు చేయలేదు. స్వస్థలము చేరి, 1923లో చిత్రకళాశాల నెలకొల్పి, తాను నేర్చినది తోటివారికి పంచెను. సహధర్మచారిణి సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టిరి.

ఆ శాల వేళ్లూనుచుండగనే విధి వక్రించెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి వ్యాధి ఆయనను కబళించెను. అప్పటికి ఇరువది ఎనిమిదేండ్లయినను నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నము శోకమును దిగమ్రింగి ఆ శాలను నిలిపి, శిష్యులను తీర్చిదిద్దెను.

దెందులూరు, తాడేపల్లిగూడెము సీమలనుండి గోదావరీ స్నానమునకు రాజమహేంద్రవరము చేరు యాత్రికులు, ఆయన పేర వెలసిన చిత్రశాలను దర్శింపదగును. అచట కృష్ణలీల, కార్తీక పౌర్ణమి వంటి చిత్రములు కన్నులకు పండువు. తైలవర్ణ చిత్రములు 34 కాగా, అభ్యాసమునకై గీచుకొనిన బొమ్మల పుస్తకములే 28 కలవు. పూర్ణచిత్రము వెనుక ఎన్ని గీతలు, ఎన్ని దిద్దుబాట్లు దాగియుండునో అవి తెలుపును. ఎవరును చూడరని తెలిసియు గీచిన గీతయే సాధకుని నిజమైన తపస్సు.

కీర్తికొరకే శ్రమించినచో, అల్పాయుష్కుని జీవితము అసంపూర్ణమని తలంపవలసివచ్చును. శ్రమయందే ఆనందము పొందినవానికి గీచిన ప్రతిదినమును పూర్ణమే. ఇంట పసిబిడ్డ ముగ్గు నేర్చుచున్నను, కోలాటము అభ్యసించుచున్నను, కీర్తన సాధన చేయుచున్నను, బహుమతి వచ్చునాయని పెద్దలు అడుగరాదు. నేడు ఎంత శ్రద్ధగా చేసితివని అడుగవలెను. చుక్క తప్పినచో చెరిపి మరల పెట్టు ఓర్పును నేర్పవలెను. ముంగిటి ముగ్గు సాయంకాలమునకు చెరగును. దానిని దిద్దిన చేతికి అబ్బిన నేర్పు, మనస్సునకు అబ్బిన నిష్ఠ చెరగవు. ఆ నిష్ఠయే స్వామికి ప్రీతిపాత్రమైన నివేదన.