భద్రావతి కొలిమి: మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి మరో కథ

విశ్వేశ్వరయ్య గారి పేరు వినగానే మనకు ఆనకట్టలు గుర్తొస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తాక, నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చి, ఎగువన జలాశయాలు కట్టమని చెప్పినది ఆయనే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ సలహా ఫలితాలే. ఇది మన పెద్దల్లో చాలామందికి తెలుసు. ఆయన ఒక ఇనుప కర్మాగారాన్ని మూతపడకుండా కాపాడిన సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు. ఇంటికొక ఇంజనీరున్న మన కుటుంబాలకు ఈసారి ఆ కథే చెబుదామనుకున్నాం.

ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. మైసూరు రాజ్యానికి తరలివెళ్ళిన తెలుగు కుటుంబం. ఊరు వదిలి ఎన్నో ఏళ్ళయినా ఊరి పేరు ఇంటిపేరుగా వెంట వచ్చింది. (పిల్లలూ, మీ ఇంటిపేరు వెనుక ఏ ఊరుందో అమ్మానాన్నలను అడిగారా?) చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దెనహళ్ళిలో సెప్టెంబరు 15న పుట్టారు. ఇండియాలో ఆ రోజునే ఇంజనీర్ల దినోత్సవం జరుపుతారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ తాను చదువుకున్నారు. పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి, బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

1898లో జపాన్ వెళ్ళి వచ్చారు. అప్పటికి జపాన్ కొన్ని దశాబ్దాలుగా ఒక పద్ధతి పాటిస్తూ వచ్చింది. విదేశీ నిపుణులను పెద్ద జీతాలిచ్చి పిలిపించడం, వాళ్ళ దగ్గర తమవాళ్ళకు పని నేర్పించడం, నేర్చుకున్నాక వాళ్ళను సాగనంపడం. పరిశ్రమల గురించి విశ్వేశ్వరయ్య గారి ఆలోచనల్లో ఆ ప్రయాణం ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది.

1912 నుంచి 1918 వరకు ఆయన మైసూరు దివాను. బాబాబుడన్ కొండల్లో ఇనుప ఖనిజం ఉంది, చుట్టూ అడవులున్నాయి, కానీ నేలబొగ్గు లేదు. ఖనిజం నుంచి ఇనుము విడిపోవాలంటే బొగ్గు కావాలి. అందుకని కట్టెబొగ్గుతో కొలిమి నడపాలని నిశ్చయించారు. కట్టెను గాలి తగలకుండా కాలిస్తే బొగ్గు మిగులుతుంది. అప్పుడు వచ్చే ఆవిరిని చల్లబరిస్తే తారు, ఉడ్ ఆల్కహాల్ వంటివి దొరుకుతాయి, వాటినీ అమ్ముకోవచ్చు. ఆ కొలిమి ఎంత అడవిని మింగిందన్నది ఆ రోజుల్లో ఎవరికీ పెద్ద బెంగ కాదు, మనకు మాత్రం అనిపిస్తుంది. సలహాదారులుగా న్యూయార్కు నుంచి పెరిన్ అండ్ మార్షల్ వచ్చారు. టాటాల ఉక్కు కర్మాగారానికి సలహాలిచ్చిన పెరిన్ గారే ఈయన.

1923 జనవరిలో భద్రావతిలో ఉత్పత్తి మొదలైంది. తీరా మొదలయ్యేసరికి, యుద్ధకాలంలో ఆకాశాన్నంటిన ఇనుము ధర నేలకు దిగిపోయింది. నష్టాల మీద నష్టాలు. రాజుగారి డబ్బు బూడిదలో పోస్తున్నారన్న విమర్శలు. అప్పుడు మహారాజు కృష్ణరాజ వడయారు, దివాను పదవి వదిలి అయిదేళ్ళయిన విశ్వేశ్వరయ్య గారినే పిలిచి పాలకమండలి అధ్యక్షుడిగా పెట్టారు. ఆయనకు అప్పటికే అరవై దాటాయి.

ఆయన చేతిలో మంత్రదండం లేదు. కూర్చుని లెక్కలు చూశారు. టన్ను ఇనుముకు ఖర్చెంత, ఎక్కడ వృథా అవుతోంది, ఏ ఉద్యోగి లేకపోయినా పని నడుస్తుంది? ఖర్చులు తెగ్గోశారు. అన్నిటికంటే కష్టమైన మార్పు మనుషులది. పైస్థానాల్లో ఉన్నవాళ్ళు అమెరికన్లు. వాళ్ళు పని తెలిసినవాళ్ళే, అందులో సందేహం లేదు. కానీ ఆ తెలివి వాళ్ళతో వచ్చి వాళ్ళతోనే ఓడెక్కిపోతే మైసూరుకు మిగిలేదేమిటి? అందుకే స్థానిక యువ ఇంజనీర్లను తయారుచేసి, క్రమంగా వాళ్ళ చేతికే కర్మాగారాన్ని అప్పగించారు. కొత్తవాళ్ళ చేతుల్లో కొలిమి చల్లారితే నష్టం లక్షల్లో ఉంటుంది, అపకీర్తి ఆయనది. ఆ సాహసానికి ఆయన సిద్ధపడ్డారు. ఆయన క్రమశిక్షణ మాత్రం మామూలుది కాదు. వేళ తప్పితే ఊరుకునే మనిషి కారు. ఆయన కింద ఉద్యోగం అంత సుఖంగా ఉండి ఉంటుందని మేము అనుకోవడం లేదు.

1929లో ఆయన బాధ్యతలు వదిలేనాటికి కర్మాగారం నిలదొక్కుకుంది. 1930లలో ఉక్కు, సిమెంటు కూడా తయారుచేసింది. తరువాత ఆయన పేరే పెట్టుకుని, కాలక్రమంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెయిల్‌లో కలిసింది. 2023 జనవరిలో సెయిల్ దానిని మూసివేయాలని నిర్ణయిస్తే, కార్మికులు రోడ్డెక్కి ఆందోళన చేశారు.

1955లో భారతరత్న అందుకున్న విశ్వేశ్వరయ్య గారు, నూరేళ్ళు నిండాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. భద్రావతిలో చేసిన పనికి తనకు రావలసిన డబ్బును ఆయన ఇంటికి తీసుకువెళ్ళలేదు. పిల్లలకు చేతిపనులు, యంత్రాల పని నేర్పే విద్యాలయానికి ఇచ్చేశారు. 1943లో బెంగుళూరులో అది మొదలైంది. దానికి ఆయన పేరు పెడతామంటే వద్దని, అప్పటి మహారాజు జయచామరాజేంద్ర పేరు పెట్టించారు.