జస్టిస్ కోకా సుబ్బారావు: గెలిచిన తీర్పు, ఓడిన తీర్పు

పిల్లలూ! బదిలీల వల్ల మనమంతా కొన్నేళ్లకోసారి ఊరు మారేవాళ్లమే. ఏ ఊరికి వెళ్లినా, సామాను సర్దుకుని తలుపు వేసుకున్నాక అది మన ఇల్లు. ఆ తలుపు లోపలి బతుకులోకి ప్రభుత్వం కూడా ఇష్టం వచ్చినట్టు తొంగి చూడకూడదని ఏనాడో చెప్పిన తెలుగువారు ఒకరున్నారు. ఆయన జస్టిస్ కోకా సుబ్బారావు.

ఆయన 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, అక్కడే న్యాయవాదిగా పేరు తెచ్చుకున్నారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడు గుంటూరులో పెట్టిన హైకోర్టుకు ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాదుకు తరలితే ఆయనా తరలారు. 1958లో ఢిల్లీలోని సుప్రీంకోర్టుకు వెళ్లారు. చూశారా, మనలాగే ఆయనకూ ఊళ్లు మారక తప్పలేదు!

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక బందిపోటు కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిళ్లు తలుపు తట్టి లేపుతున్నారని, ఊరు దాటితే చౌకీదారుకు చెప్పి వెళ్లాల్సి వస్తోందని అతను సుప్రీంకోర్టుకు మొరపెట్టుకున్నాడు.

1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటికి వెళ్లడం తప్పని అందరూ అన్నారు. కానీ మిగతా నిఘాలో తప్పు లేదనీ, గోప్యత అనే హక్కును రాజ్యాంగం ఇవ్వలేదనీ నలుగురు భావించారు. సుబ్బారావు, జస్టిస్ షా ఒప్పుకోలేదు. నీడలా వెంటాడే కళ్ల మధ్య తిరిగే మనిషికి స్వేచ్ఛ ఉన్నట్టు కాదనీ, గోప్యత స్వేచ్ఛలో భాగమేననీ సుబ్బారావు రాశారు. కోర్టులో ఎక్కువమంది మాటే తీర్పు. కాబట్టి ఆయన మాట ఓడిపోయింది.

1966లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరుసటి ఏడాది పంజాబ్‌కు చెందిన గోలక్‌నాథ్ కుటుంబం భూముల కేసులో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పు చెప్పారు. పదకొండు మందిలో ఆరుగురు అటు, అయిదుగురు ఇటు. ఒక్క ఓటు తేడాతో ఆయన మాట నెగ్గింది. విదేశాలకు వెళ్లే స్వేచ్ఛ కూడా మన హక్కేననీ, అధికారులు తమ ఇష్టానికి పాస్‌పోర్టు నిరాకరించడం కుదరదనీ చెప్పిన తీర్పు కూడా ఆ ఏడాదిదే.

1967 ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. న్యాయపీఠం దిగి నేరుగా పోటీకి వెళ్లడం సరికాదని విమర్శలు వచ్చాయి. ఆ ఎన్నికలో డాక్టర్ జాకిర్ హుస్సేన్ గెలిచారు. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టింది. రాజ్యాంగాన్ని సవరించవచ్చు గాని దాని మౌలిక స్వరూపాన్ని చెడగొట్టరాదని చెప్పింది. 1976లో సుబ్బారావు కన్నుమూశారు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆధార్ కార్డు మీద వచ్చిన వివాదంలో, అసలు గోప్యత హక్కు ఉందా అన్న ప్రశ్న మళ్లీ లేచింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒకే మాటగా ఉందన్నారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు చెప్పిందే సరైనదన్నారు. ఆయన గెలిచిన తీర్పు ఆరేళ్లకే పక్కకు పోయింది. ఓడిన తీర్పు యాభై ఏళ్లు దాటాక గెలిచింది.

మనం తరగతిలో చేతులెత్తి ఎన్నో నిర్ణయాలు చేసుకుంటాం. ఎక్కువ చేతులు ఎటు లేస్తే అటు నడవాల్సిందే. అయినా రెండో వైపు లేచిన రెండు చేతుల వెనుక కారణం ఏమిటో అడిగి తెలుసుకుందాం. ఆ రెండింటిలో ఒకటి మనదైతే, మన కారణాన్ని స్పష్టంగా, కోపం లేకుండా చెబుదాం.