అయానుకు పేరు పెట్టిన కమ్మరి కొడుకు



పెళ్ళిళ్ళకు మన అమ్మలు వేసుకెళ్ళే గొలుసులు చాలావరకు బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డువే. రాగి నగకు అంత పల్చటి బంగారు పూత ఎలా అంటుకుంటుందో మేము ఎన్నడూ ఆలోచించలేదు. పదో తరగతిలో అయాను, అయానిక బంధం అన్న మాటలు వస్తే అర్థం తెలియకుండానే బట్టీ పట్టాం. ఆ పూతకూ ఈ పాఠానికీ మధ్య మైకేల్ ఫారడే అనే మనిషి ఉన్నారని డిగ్రీలో తెలిసింది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. అందుకేనేమో, ఆయన కథ మాకు బాగా దగ్గరగా అనిపించింది.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గర పుట్టారు. తండ్రి కమ్మరి. ఆరోగ్యం బాగోక ఆయనకు పని సరిగా సాగేది కాదు. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు, అంతటితో ఫారడే బడి చదువు అయిపోయింది. పదమూడో ఏట పుస్తకాల షాపులో పనికి కుదిరారు. 1805 నుంచి ఏడేళ్ళు అక్కడే బైండింగు నేర్చుకున్నారు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను పని అయ్యాక చదివేవారు. ఒక విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించి, జేన్ మార్సెట్ అనే ఆమె రాసిన పుస్తకంలో రసాయన శాస్త్రం గురించి చదివి, చిన్న చిన్న ప్రయోగాలు మొదలుపెట్టారు.

ఆయన ఒక్కరే పైకి వచ్చారనుకుంటే పొరపాటు. షాపు యజమాని రీబో చదువుకోనిచ్చారు. కమ్మరి పని చేసే అన్నయ్య సైన్సు ఉపన్యాసాలకు షిల్లింగు ఇచ్చి పంపారు. 1812లో షాపుకు వచ్చే ఒకాయన, పెద్ద శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇప్పించారు. ఫారడే విన్నదంతా రాసుకుని, తానే బైండు చేసి డేవీకి పంపారు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడిగా చేరారు.

ఉద్యోగం వచ్చినా చిన్నచూపు పోలేదు. డేవీ దంపతులతో ఐరోపా యాత్రకు వెళితే, డేవీ భార్య ఆయన్ను పనివాడిలా చూసింది. తిరిగి వచ్చేద్దామా అన్నంతగా మనసు కష్టపడినా, ఆ యాత్రలో ఎందరో శాస్త్రవేత్తల పని దగ్గరగా చూసి నేర్చుకున్నారు. రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వస్తే డేవీయే అడ్డు చెప్పారు. అయినా 1824లో ఎన్నికయ్యారు.

1830లలో ఫారడే ద్రావణాల గుండా విద్యుత్తు పంపి, ఎంత విద్యుత్తు ప్రవహిస్తే దానికి తగ్గట్టే పదార్థం విడుదలవుతుందని లెక్క తేల్చారు. చిలకలపూడి పూతకు ఆధారం ఈ నియమమే. ద్రావణంలోని బంగారం ఎలక్ట్రాన్లు అందుకుని నగ మీద లోహంగా పేరుకుంటుంది.

ఆ ప్రయోగాల్లో కనిపించినవాటికి అప్పటికి పేర్లు లేవు. ఫారడేకు గ్రీకు రాదు. రాదని సిగ్గుపడకుండా కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూవెల్‌ను ఉత్తరం రాసి అడిగారు. అలా 1834లో ఆనోడ్, కాథోడ్, ఆనయాన్, కాటయాన్, అయాన్ అనే మాటలు వచ్చాయి. గ్రీకులో అయాన్ అంటే పోయేది, కదిలేది. ఈ ఒక్క అర్థం ముందే తెలిసి ఉంటే మేము అంత భయపడేవాళ్ళం కాదు.

ఫారడేకు అన్నీ తెలియలేదు. విద్యుత్తు పంపితేనే అయాన్లు విడిపోతాయని ఆయన అనుకున్నారు. నీళ్ళలో కరిగినప్పుడే అవి విడిపోతాయని 1880లలో స్వీడన్‌కు చెందిన అర్హీనియస్ చెప్పారు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాక, 1916లో కోసెల్ అయానిక బంధాన్ని వివరించారు.

ఆ వివరణ మన వంటింటి ఉప్పులోనే ఉంది. సోడియంలో 11 ఎలక్ట్రాన్లు 2, 8, 1గా ఉంటాయి. క్లోరిన్‌లో 17 ఎలక్ట్రాన్లు 2, 8, 7గా ఉంటాయి. సోడియం చివరి ఒక్కటి ఇచ్చి ధన అయాను అవుతుంది. క్లోరిన్ దాన్ని తీసుకుని రుణ అయాను అవుతుంది. ధనం, రుణం ఆకర్షించుకోవడమే అయానిక బంధం. ఇద్దరి జట్టు అనుకోకండి. ఉప్పు స్ఫటికంలో ప్రతి సోడియం అయాను చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి. ఆ పట్టు వల్లే ఉప్పు కరగడానికి 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పొడి ఉప్పులో అయాన్లు కదలలేవు కనుక విద్యుత్తు పోదు. నీళ్ళలో కలిపితే కదులుతాయి, విద్యుత్తు పోతుంది. మన దివిసీమ చివర సముద్రపు నీళ్ళలో ఉన్నవీ ఈ అయాన్లే.

పేరు వచ్చాక ఫారడే సర్ బిరుదు వద్దన్నారు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవీ వద్దన్నారు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం పందొమ్మిదిసార్లు ఇచ్చారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పదో తరగతి కాగానే సైన్సు మనవల్ల కాదని చదువు మానేసినవాళ్ళు మాతో చదివినవాళ్ళలోనే ఉన్నారు. వాళ్ళకు తెలివి తక్కువై కాదు, తెలియదని అడగడానికి భయపడి. ఫారడేకు రీబో షాపు ఎలాంటిదో మనకు హాస్టల్ స్టడీ అవర్ అలాంటిది. రాని మాట దగ్గర ఆగిపోకండి. సార్‌నో, మేడమ్‌నో, అన్ననో, అక్కనో అడగండి. సెలవులకు వచ్చినప్పుడు మమ్మల్ని అడిగినా చెబుతాం.