బ్రౌన్ రాకపోయి ఉంటే

సి.పి. బ్రౌన్ అనగానే మనకి డిక్షనరీ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆయన మీద ఇంట్రెస్ట్ వచ్చింది స్పానిష్ వల్ల!

స్పానిష్‌లో కండిషనల్ అని ఒక క్రియారూపం ఉంది. రెగ్యులర్ క్రియలకి రూల్ చాలా సింపుల్: క్రియని అలాగే ఉంచి చివర 'ఇయా' తగిలిస్తే చాలు. కొమెర్ అంటే తినడం, కొమెరియా అంటే 'పెడితే తినేవాడు'. నేను, నువ్వు, మేము అనేదాన్ని బట్టి ఆ తోక కొంచెం మారుతుంది. మన తెలుగులో 'పెడితే' ఎవరికైనా ఒకటే. మారేది రెండో ముక్క: తినేవాణ్ణి, తినేవాడివి, తినేవాళ్ళం. ఇంకో తమాషా ఏంటంటే, 'రోజూ తినేవాడు' అన్నా 'పెడితే తినేవాడు' అన్నా మనకి రూపం ఒక్కటే. స్పానిష్‌లో అలవాటుకి కొమియా, జరగనిదానికి కొమెరియా. రెండింటికీ తోక అదే!

తెలుగులో ఇవన్నీ మనం ఎవరూ చెప్పకుండానే వాడేస్తాం. బ్రౌన్ ఒక్కొక్కటీ కూర్చుని నేర్చుకున్నారు.

ఆయన 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. 1812లో తండ్రి చనిపోతే కుటుంబం ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసులో దిగేనాటికి వయసు పద్దెనిమిది, తెలుగు రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర నేర్చుకుని, 1820లో పరీక్ష పాసై కడపలో చేరారు. తర్వాత అక్కడే బంగళా కొని, పండితులకి సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు సేకరించి, తప్పులు సరిచూసి నకళ్ళు రాయించారు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీష్ అనువాదంతో అచ్చువేశారు.

1832-33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువొచ్చింది. మిగతా అధికారులు కాగితాల మీద 'కొరత' అని రాస్తుంటే బ్రౌన్ 'కరువు' అనే రాశారు. పైవాళ్ళకి అది నచ్చలేదు. మాటలకి అర్థాలు వెతికే మనిషి ఆ ఒక్క మాట దగ్గర మాత్రం రాజీపడలేదు. నాకు డిక్షనరీ కన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది.

1834లో ఉద్యోగం పోయి లండన్ వెళ్ళారు. అక్కడా ఊరికే కూర్చోలేదు, ఇండియా హౌస్ లైబ్రరీలో మూలపడి ఉన్న రెండు వేలకు పైగా దక్షిణాది రాతప్రతుల్ని బయటికి తీశారు. 1837లో పర్షియన్ అనువాదకుడిగా తిరిగొచ్చారు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు వచ్చాయి. 1855లో ఇండియా వదిలాక కూడా లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా ఉన్నారు. 1884 డిసెంబర్ 12న చనిపోయారు.

ఆయన రాకపోయి ఉంటే? వేమన జనం నోళ్ళలో ఎలాగూ ఉండేవాడు. కానీ ఎన్నో తాళపత్రాలు చెదలపాలయ్యేవి. వాటితో పాటు ఎన్ని కావ్యాలు పోయేవో!

మన గగన్‌పహాడ్‌లో బెంగళూరు హైవే ఎక్కితే కర్నూలు, నంద్యాల మీదుగా కడప. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో లైబ్రరీ ఉంది. అటు వెళ్తే ఒకసారి చూసి రండి.