శాస్తా డైసీ సృష్టికర్త లూథర్ బర్బాంక్

మన పెరటి చామంతికి దూరపు చుట్టమగు తెల్లని పూవొకటి చల్లని దేశముల తోటలయందు కలదు. దాని పేరు శాస్తా డైసీ. ఒకసారి నాటిన మొక్క ఏటేటా చిగిర్చి, మంచును సహించి, అచ్చటి వేసవి యంతయు పూయును. కోసి నీట నుంచినచో పెక్కుదినములు వాడదు. సత్తుపల్లి వంటి ఎండసీమలో దానిని నిలుపుట కష్టము. చలికొండలు దానికి హితము. అయినను అది అడవిలో దొరికిన పూవు కాదు. లూథర్ బర్బాంక్ అను తోటమాలి 17 ఏండ్ల ఓరిమికి ఫలము.

బర్బాంక్ 1849 మార్చి 7న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున జన్మించెను. కళాశాల చదువు లేదు. డార్విన్ గ్రంథములే గురువులు. బంగాళాదుంప మొక్కకు కాసిన ఒక కాయనుండి 23 విత్తులు తీసి నాటి, మేలైనదాని నెన్నుకొని, దానిపై హక్కును 150 డాలర్లకు విక్రయించి, 1875లో కాలిఫోర్నియాలోని శాంటా రోసాకు తరలిపోయెను. ఆ దుంప సంతతి నేటికిని అమెరికాలో విరివిగా సాగగుచున్నది.

చిన్ననాడు బాటల వెంట చూచిన ఆక్స్ ఐ డైసీని అతడు మరువలేదు. రైతులకది కలుపు, అతనికి ముద్దు. 1884 ప్రాంతమున దానిని పెంచనారంభించెను. మొక్క మొండిది, పూత మెండు, పూవు మాత్రము చిన్నది. పెద్దపూవుకై ఇంగ్లండు, పోర్చుగల్ డైసీలతో సంకరము చేసెను. ఏటేటా వేలకొలది మొక్కలు మొలిపించి, కొన్నిటి నుంచుకొని, తక్కినవానిని పెరికివైచెను. ఎన్నుకొనుటకంటె పారవైచుటకే గుండెదిటవు కావలయును. అయినను తెలుపు అతనికి తృప్తి నీయలేదు. తుదకు, చిన్నదైనను మిక్కిలి ధవళమగు జపాను డైసీ పుప్పొడిని తెచ్చి కలిపితినని అతడు చెప్పుకొనెను. 1901లో పూవును లోకమున కందించి, మంచు కప్పిన శాస్తా పర్వతము పేరు పెట్టెను.

ఇంతటి కన్ను గలవాడు వ్రాతయందు అలసుడు. 1905లో కార్నెగీ సంస్థ ఏటికి 10,000 డాలర్లు ఒసగి, అతని పద్ధతులను గ్రంథస్థము చేయ నొక శాస్త్రజ్ఞుని పంపెను. క్రమమైన లెక్కలు దొరకలేదు. 1909లో సాయము నిలిపివేయబడెను. నేటి వృక్షశాస్త్రము శాస్తా డైసీని రెండు ఐరోపా జాతుల సంకరముగానే ఎంచుచున్నది. జపాను పూవు కథకు అతని మాట తప్ప ఆధారము లేకపోయెను. ఇది అతని కీర్తికే గాక శాస్త్రమునకును లోటు.

1926 ఏప్రిల్ 11న మరణించిన బర్బాంక్‌ను తన ఇంటి దేవదారు వృక్షము క్రిందనే ఖననము చేసిరి. పరమహంస యోగానంద 1946లో వెలువడిన తన ఆత్మకథను అతనికే అంకితమిచ్చెను. క్రొత్త మొక్కలను సృజించినవారికి హక్కు నొసగు చట్టము అమెరికాలో 1930లో గాని రాలేదు. అతని మొక్కలు కొన్నిటికి మరణానంతరము ఆ హక్కు లభించెను. దుంపలకు మాత్రము ఆ చట్టము వర్తింపలేదు.